కదిరి పట్టణము పుట్టి పెరిగిన విధము



నాది తనకల్లు. కదిరి నుండి మదనపల్లెకు పోవు రాదారిలో, పాపాఘ్ని పారు సీమలో నున్న యూరు. పారు సీమ యంటినే గాని, ఆ యేటిలో నీటిని చూచిన దినములకంటె ఇసుకను చూచిన దినములే నాకు మెండు. ఈ పూట మీతో ముచ్చటింపదలచినది మా కదిరి పట్టణమును గూర్చి. అది పెనుకొండవలె రాయలు కొలువు తీరిన చోటు కాదు. గుత్తివలె దుర్గము కాదు. చరిత్ర గ్రంథములలో దానికి దొరకిన చోటు కొంచెము. అయినను మా ప్రాంతపు రైతునకు పెండ్లి బట్టలు, నాగటి కర్రు, కోర్టు వాయిదా, వైద్యుడు, రైలుబండి, అన్నియు కదిరియే. ఇట్టి చిన్న పట్టణ మెట్లు పుట్టును, ఎవరి చేతిమీదుగ పుట్టును, ఎవరి సొమ్ముతో పెరుగును అను ప్రశ్న నా మనస్సులో చాలకాలముగ నున్నది. ఇటీవల మా యింట జరిగిన యొక భాగపరిష్కారమున ఆ ప్రశ్న పుస్తకములు వదలి మా గడపలోనికే వచ్చినది. ఆ సంగతి తరువాత చెప్పెదను.

ముందుగా మా చుట్టునున్న యూళ్ల పేర్లు వినుడు. నల్లచెరువు. ఓబుళదేవరచెరువు. ములకలచెరువు. ఊరి పేరే చెరువు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అనగా 22 అంగుళముల వాన మాత్రమే కురియు ఈ మెట్టసీమలో ఊరు నిలుపదలచినవాడు మొదట గోడ కట్టడు, కట్ట కట్టును. అనంతపురమే యిందుకు సాక్షి. 1364లో విజయనగర ప్రభువైన బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేటికి అడ్డముగ కట్ట వేయించి నీరు నిలిపెననియు, ఆ కట్టకు రెండు కొనలయందు రాయల పేర బుక్కరాయసముద్రమును, రాణి పేర అనంతసాగరమును వెలసినవనియు చెప్పుదురు. ఆ రెండవదే నేటి అనంతపురము. ఆ చెరువుకట్ట తెగబోవు వేళ ముసలమ్మ యను కోడలు తన ప్రాణమొడ్డి యూరిని కాచెనను కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగ వ్రాసిరి. కథ నిజమా కాదా యని తర్కించువారు తర్కింతురు గాక. కట్ట తెగుట యన్న నేమో యెరిగిన జనులు దానిని తరతరములుగ మరువక చెప్పుకొనిరి. నాకు ముఖ్య మది.

చెరువు కట్టుట రాజులు, మంత్రులు మాత్రమే చేసిన పని కాదు. మన సీమలో దశబంధ మను నేర్పాటు కలదని మీలో పెద్దవారికి తెలియును. తన సొంత ధనముతో చెరువు త్రవ్వించినవానికి గాని, తెగిన కట్టను తిరిగి పోయించినవానికి గాని, ఆ చెరువు క్రింది భూమిలో నుండియో పంటలో నుండియో పదియవ పాలు మాన్యముగ నిచ్చెడివారు. ఆ మాన్యము తినువాడు ఏటేట కట్టను, తూమును, మరువను చూచుకొనవలెను. కోమటి కట్టించెను, రెడ్డి కట్టించెను, ఒక్కొక్కచోట దేవదాసి కూడ కట్టించెను. కట్టిన చోటెల్ల ఊరు మొలచినది. నీరుగంటి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, అందరును చెరువు చూచుకొని వచ్చినవారే. మా తనకల్లు ప్రాంతపు పల్లెలును ఇట్టివే యని నా నమ్మకము.

కదిరి మాత్రము వేరు. దాని పేరులో చెరువు లేదు, చెట్టు కలదు. ఖదిర మనగా చండ్రచెట్టు. తాంబూలములో వేయు కాచు దాని చేవ నుండియే తీయుదురు. ‘ఖా’ యనగా విష్ణుపాద మనియు, ‘అద్రి’ యనగా కొండ యనియు, ఆ రెండును కలసి ఖాద్రి యైనదనియు స్థలపురాణమువారు విడదీసి చెప్పుదురు. హిరణ్యకశిపుని చీల్చిన నరసింహస్వామి కోపముతో ఈ గుట్టలవెంట తిరుగుచుండగా దేవతలు స్తోత్రము చేసిన కొండ గనుక పట్టణము ప్రక్క కొండకు స్తోత్రాద్రి యని పేరందురు. పండితుల విడదీతను నేను కాదనను. అయినను నాకు చెట్టు పేరే హెచ్చు నమ్మకముగ నున్నది. ఈ సీమలో జనులకు చెట్టే గుర్తు. గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను అయిదెకరములకు మించి నీడ పరచి యున్నదని 1989లో గిన్నిస్ పుస్తకమువారు వ్రాసికొనకముందే, దానినిబట్టి దారి చెప్పుకొనినవారము మనము.

ఊరు పుట్టుటను గూర్చిన ఐతిహ్య మిది. పట్నమను ఊరిలో రంగనాయుడను పాళెగాడుండెను. ఇప్పుడు కదిరి యున్న తావు నాడు చండ్రచెట్ల యడవి. స్వామి యాయనకు కలలో గనుపించి, చండ్రచెట్టు క్రింది పుట్టలో నేనున్నాను, వెలికి తీసి గుడి కట్టింపుమనెను. నాయుడు పుట్టను త్రవ్వింపగా విగ్రహము దొరకెను, గుడి లేచెను, గుడిచుట్టు ఊరు లేచెను. స్వామి ప్రక్కన ప్రహ్లాదుడు చేతులు జోడించి నిలిచియుండుట ఈ క్షేత్రపు విశేషము. ఇప్పటికి నిలిచియున్న మండపములు, గోపురములు విజయనగరపు కాలపు పనితనమును చూపుచున్నవి.

ఈ కథలో నాకు మిక్కిలి నచ్చినది పట్న మను పేరు. పాళెగాని కొలువున్న యూరు పట్నము. నాడు జనము పట్నము పోయివచ్చితిమనిన అర్థ మదియే. నేడు ఆ పట్నము కదిరి మండలములో నొక పల్లె. నాటి యడవి పట్టణము. పేరు ఒకచోట నిలిచెను, పేట మఱియొకచోటికి పోయెను.

మా జేజి ఈ కథనే చెప్పుచు చివర నొక మాట చేర్చెడిది: “కల నాయునికి వచ్చినాదిలే గాని, చెట్లు కొట్టినోళ్లకు నిద్రే ల్యాక పాయ, ఇంగ కలెట్ల వస్చాది నాయనా?” నేను చిన్నతనమున నవ్వితిని. ఇప్పుడు నవ్వు రాదు. అడవి నరికినవారు, రాళ్లు దొలిచినవారు, బావులు త్రవ్వినవారు, మొదటి కుండలు కాల్చినవారు, వీరి పేర్లు ఏ శాసనమందును లేవు. గుడి లేచిన వెంటనే దీపమునకు నూనె కావలెను, గాండ్లవారు వచ్చిరి. మాలలకు పూలు కావలెను, మేళము కావలెను, తేరునకు మోకులు కావలెను. వీరందరికి గంజి కాచుకొన గింజలు కావలెను. ఆ గింజలు మా పల్లెలనుండి పోయెడివి. పట్టణ మనునది తన యన్నమును తాను పండించుకొనని యూరు గదా.

తరువాత వచ్చినది తిరునాళ్ల. ఫాల్గుణమాసములో జరుగు బ్రహ్మోత్సవములకు, అందు తేరు దినమునకు, నేను ఎనిమిదవయేట మొదట పోయితిని. రాత్రి భోజనమైన పిమ్మట బండి కట్టుదురు. సద్దిమూటలో రాగిసంగటి ముద్దలు, చెనిగవిత్తుల పచ్చడి. ఎద్దుల మెడగంటలు వినుచు నిద్రపోయి, తెల్లవారి కన్ను విప్పునప్పటికి కనుచూపుమేర బండ్లే. ఆ తేరు అంతయింత కాదు. అది కదలునప్పుడు చక్రముల క్రింద భూమి మూలుగునట్లుండును. జనులు దవనమును, మిరియములను, పండ్లను తేరుమీదికి విసరుదురు. క్రింద రాలిన మిరియపుగింజ ఏరుకొని నోట వేసికొనిన రోగములు పోవునని నమ్మకము. నా తలకు తగిలి పడిన గింజను ఏరుకొనబోయి జనములో త్రొక్కుడు పడుచుండగా, పాత్రలకు కళాయి వేయు ముసల్మాను పెద్దాయన యొకడు నన్ను భుజముమీది కెత్తుకొనెను. ఆయన కూడ తేరు చూడవచ్చినవాడే. కదిరిలో ముసల్మానుల సంఖ్య హెచ్చు. తెనుగువాని యుర్దూ, ముసల్మాను తెనుగు, రెండును అచటి బజారులో నొకే తీరుగ వినబడును. స్వామి తిరునాళ్లకు వారును వత్తురు, వ్యాపారమును చేయుదురు, మ్రొక్కుదురు కూడ.

తిరునాళ్ల వలన సంత బలిసినది. ఎడ్లు, కంబళ్లు, నాగళ్లు, కదిరి కుంకుమ, ఏడాదికి సరిపడు సరుకంతయు అక్కడ కొనెడివారమని మా పెద్దలు చెప్పెడివారు. పాలకులు మారిరి. కడప నవాబులు, మైసూరువారు, నైజామువారు ఒకరి వెనుక నొకరు ఈ సీమ నేలిరి. 1800లో నైజాము దీనిని ఇంగ్లీషు కంపెనీకి దత్తముచేసెను. మన్రో దొర 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగ నుండి పాళెగాండ్ల బలము నణచెను. పాళెగాని కొలువు పోయినచోట తాలూకా కచ్చేరి వచ్చెను. కదిరికి అది రెండవ పుట్టుక యని నా యభిప్రాయము. దేవునికొరకు పోయినవారు ఇక శిస్తుకొరకును, దావాకొరకును పోవలసివచ్చెను. గుడి ముంగిట జోడించిన చేతులే కచ్చేరి ముంగిటను జోడింపవలసివచ్చెను.

ఇక మా యింటి కథ. ధాత కరువు పేరు వినని యిల్లు మన సీమలో లేదు. 1876లో వాన తప్పినది. 1878 వరకు జనము రాలినది. మా ముత్తాతకు ఒక తమ్ముడుండెను. ఇద్దరును బండిమీద పిల్లలను వేసికొని కదిరి దిక్కు నడచిరి. ఎడ్లు సగము దారిలో నొకటి, ఊరు చేరినపిదప నొకటి పడిపోయినవట. రోడ్డుకు కంకర కొట్టు కరువుపని దొరకినది. కూలి మిక్కిలి యగుచున్నదని పైనుండి వచ్చిన రిచర్డ్ టెంపుల్ దొర 1877లో దానిని తగ్గించి, మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా యని నిర్ణయించెను. రాళ్లు కొట్టువానికి ఒక పౌను! అన్న కంకర కొట్టెను. తమ్ముడు ఒక గానుగలో చేరెను. మూడవయేట వాన పడగా అన్న తిరిగి వచ్చెను. తమ్ముడు, “ఇంకొక వాన చూసి వస్తాలేన్నా” అనెనట. రాలేదు. ఆ సంతతివారు నేటికిని కదిరివారే.

ఇట్లు కరువున కొక వీధి చొప్పున పెరిగిన పట్టణ మది. ఏ కరువున ఏ వీధి యని లెక్కవేయుట నా వలన కాదు గాని, కదిరిలో పాతకాలపు యింటివారిని అడిగి చూడుడు: పదిమందిలో తొమ్మండ్రు ఏదో యొక పల్లె పేరు చెప్పుదురు, ఎప్పుడు వచ్చితిరనిన కరువు పేరు చెప్పుదురు.

ధాత కరువు పిమ్మట, 1880లో క్షామవిచారణ సంఘమువారు కరువుసీమలకు ఇనుపదారులు వేయవలెనని వ్రాసిరి. 1890 తరువాతి తొలి యేండ్లలోనే ధర్మవరము నుండి కదిరిమీదుగ పాకాలకు చిన్నపట్టాల రైలు వచ్చినది. కరువున గింజలు తెచ్చుటకు వేసిన దారి, మంచి యేండ్లలో గింజలు కొనిపోవుటకును పనికివచ్చెను. దళారులు, మండీలు, గిడ్డంగులు రైలుస్టేషను దిక్కున లేచినవి. క్రమముగ కొర్ర, సజ్జ, ఆరిక వెనుకబడి చెనిగ ముందుకు వచ్చినది. ఒకప్పుడు అనంతపురము జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టారుల భూమిలో ఈ యొక్క పంటయే యుండెడిది. కదిరిలోని వ్యవసాయ పరిశోధనాస్థానము వెలువరించిన విత్తనములకు కదిరి-3, కదిరి-6 అని పేర్లు. చండ్రచెట్టు నుండి పుట్టిన పేరు విత్తనమెక్కి, కదిరి యెక్కడనో యెరుగని రైతుల చేలలోనికి గూడ పోయినది. ఇది మాకు గర్వమే. అయినను ఒక్క పంటను నమ్మినవానికి ఒక్క వాన తప్పిన చాలును. ఈ మాట చెనిగ వేయువారికి చెప్పనక్కరలేదు.

మా రెండిండ్లకును నడుమ ఒక వాడుక నిలిచినది. చేలు అన్నదమ్ములిద్దరివి, దున్నునది అన్న సంతతి. కాబట్టి ఏటేట తిరునాళ్లకు పోవునప్పుడు తమ్ముని పాలుగ ఒక గోతము కొర్రలు బండిలో వేసికొనిపోయి వారి యింట దించెడివారము. వారు మాకు బట్టలు పెట్టెడివారు. కొర్ర పోయి చెనిగ వచ్చినప్పుడు గోతములో చెనిగకాయలు పోయినవి. బావులెండి, బోరులెండి, పంట చేతికిరాని యేండ్లలో మేము వట్టిచేతులతో పోయితిమి. వారు ఏమియు ననలేదు. పైగా తిరిగివచ్చునప్పుడు బియ్యపు మూట బస్సులో వేయించిరి. ఆనాడు మా జేజినాయన దారిపొడవున మాటలాడలేదు.

పట్టణము పెరుగుచునే యున్నది. 2011 జనాభాలెక్కలలో కదిరిలో 89 వేలకు మించి జనులున్నారు. ప్రక్కన పారు మద్దిలేరు ఇంతమందికి చాలునా? చాలదు. కృష్ణాజలమును శ్రీశైలపు వెనుకనీటి నుండి మాల్యాల వద్ద ఎత్తిపోసి, హంద్రీ-నీవా కాలువవెంట కదిరి చేరువనున్న చెర్లోపల్లె జలాశయము వరకు తెచ్చినారు. చిక్కప్ప ఒడెయరు ఒక యేటికి కట్ట వేసెను; మనవారు ఏటినే ఎత్తి కొండలు దాటించుచున్నారు. ఆ కాలువనీరు మా పల్లెల చెరువులలోనికి దిగవలెనన్న, ముందా చెరువుల పూడిక తీయవలెను, కట్టలమీది కంపచెట్లు కొట్టవలెను. దశబంధపు మాన్యములు తినినవారి సంతతివారు ఏరి? కొందరు బెంగుళూరిలో నున్నారు, కొందరు కువైటులో నున్నారు. నా కుమారు లిద్దరును బెంగుళూరిలోనే. నిందింపను. మా పిన్న ముత్తాత కదిరికి పోయినట్లే వారును పోయిరి.

కచ్చేరి సంగతి వినుడు. మా తనకల్లు కదలక యున్నచోటనే యున్నది గాని, దాని జిల్లా మారుచునే యున్నది. 1910 వరకు కదిరి తాలూకాతోబాటు మేము కడప జిల్లావారము. ఆ యేట అనంతపురములో కలిపిరి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినప్పుడు తనకల్లే మండలకేంద్ర మైనది. 2022 ఏప్రిలులో పుట్టపర్తి ముఖ్యస్థానముగ శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడగా అందులో పడితిమి. ఈ మార్పులలో 1985 నాటిదే మాకు నిజముగ తగిలినది. కచ్చేరి మా యూరికి వచ్చినది. దానివెంట ఠాణా, బ్యాంకు, ఎరువుల యంగడి, టీ కొట్లు, బస్సుల నిలుపు వచ్చినవి. కదిరికి పూర్వము జరిగినదే నా కన్నులముందు మా యూరికి జరుగుచున్నది. కల కన్న నాయుడు లేడు, పుట్ట లేదు, చండ్రచెట్టు లేదు, రోడ్డు కలదు.

ఆ రోడ్డు వలననే మా యింటి తగవు. మా చేలలో రోడ్డు ప్రక్కది రెండెకరముల గరుసు నేల. దానిలో కొర్ర కూడ మొలవదని పూర్వము దానిని వదలివేసినారు; తమ్ముని పాలు ఏదనిన అదియే యని మా పెద్దలు నవ్వుచు చూపెడివారు. నేడు ఊరిలోని నల్లరేగడికంటె దానికే వెల హెచ్చు. కదిరి దాయాదుల మనుమడొకడు రెండేండ్లక్రిందట వచ్చి, “పెద్దనాయనా, ఆ గరుసులో అంగడి వేసికొందును, మా పాలు ఉన్నదందురే” అని యడిగెను. పట్టా నా పేర నున్నది. బెంగుళూరి నుండి నా కుమారులు, నూటయేబది యేండ్లనాటి మాటకు కాగిత మేదియని యడుగుమనిరి. న్యాయముగ చూచిన వారు చెప్పినదియు తప్పుకాదు. కాగితము లేదు. ఉన్నది కొర్రల గోతము. మాకు లేని హక్కు వారికుండబట్టియే గదా మా పెద్దలు తమ పిల్లల నోటినుండి తీసి యేటేట బండిలో వేసినది? అన్ని తరములు మేమే మోసిన గోతమును నేనెట్లు కాదందును? ఒక యెకరము వారి పేర వ్రాసియిచ్చితిని. పెద్ద కుమారుడు ఆరు నెలలు మాటలాడలేదు. ఇప్పుడు కొంచెము మాటలాడుచున్నాడు.

కదిరి వీధిలో నాలుగు తరములు మెలగినవాడు తనకల్లులో అంగడి తెరచుటకు వచ్చెను. ఇంకొక వాన చూచి వచ్చెదనన్నవాని వంశ మది. ఇంతకు వాన పడెనని చెప్పుటకు నాకు ధైర్యము లేదు. పోయినయేడు చెనిగకాయ చేతికి రాలేదు.

పునాది త్రవ్వుచుండగా నొక రాతిరోలు బయటపడినది, అంచు విరిగినది. ఎవరిదని అతడు నన్నడిగెను. తెలియదంటిని. అతడు దానిని కడిగించి అంగడి ముంగిట పెట్టించినాడు. ప్రొద్దుట అంగడి తెరచునప్పుడు దానిలో రెండు బిందెల నీళ్లు పోయును. సంతకు పోవు మేకలు అక్కడ నిలిచి త్రాగిపోవుచున్నవి.